పావురాల బురుజు

“తాళం చెవి హుక్కుకే ఉంది, అన్నయ్యగారూ. అదెక్కడికీ పోలేదు. ఎన్నిసార్లు చెప్పమంటారు?”

శశికళ ఈ మాట అనడం అది మూడోసారి. రామమోహన్ తల ఊపాడు. నెల్లూరులో సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన రోజుల్నుంచీ ఆయనకొక అలవాటు. ఎవరైనా ఒకే మాటను మూడుసార్లు ఒకేలా చెబితే, ఆ మాటను కాసేపు పక్కన పెట్టి, దాని ముందూ వెనకా ఏముందో వెతుకుతాడు. అమెరికాలో షికాగో దగ్గరి అరోరాలో ప్రైవేట్ డిటెక్టివ్‌గా బోర్డు కట్టి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

1983 ఆగస్టు. ఫాక్స్ నది మీద ఎండ కళ్లలో గుచ్చుతోంది. వాల్‌మొరాన్ ఎస్టేటులో, నీళ్లలోకి దిగే రాతిమెట్ల మీద కూర్చున్నారు ముగ్గురూ. శశికళ మెడకి తెల్లటి పట్టీ, గడ్డం కిందనుంచి భుజాల దాకా బిగించి ఉంది. రెండు వారాల క్రితం ఎవడో వెనకనుంచి ఆమె కారును గుద్దాడు. డాక్టరు ఆ పట్టీ వేసి, ఆరు వారాలు తల కదిపితే ఊరుకోనన్నాడు. పక్కనే ఆమె భర్త ఉదయ్, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని నీళ్లకేసి చూస్తున్నాడు.

నాలుగింటికి కౌంటీ షెరిఫ్ ఆఫీసు డిటెక్టివ్ లూథర్ క్రేన్ వారంటు తీసుకుని వస్తాడు. శశికళని హత్యానేరం కింద అరెస్టు చేస్తాడు. పక్కింట్లో ఆడుకుంటున్న ఆరేళ్ల మీనాకి ఈ సంగతి ఎవరూ ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో ఎవరికీ తెలీదు కూడా.

ఉదయ్ ఐస్ పెట్టెలోంచి నీళ్ల సీసా తీసి, తల వెనక్కి వాల్చి గటగటా తాగి, రామమోహన్‌కందించాడు. ఆయన కూడా ఎత్తి పోసుకున్నాడు. శశికళకి మాత్రం గ్లాసులో పోసి స్ట్రా వేసిచ్చాడు ఉదయ్, ఆమె తల కదలకుండా గ్లాసుని తనే పట్టుకుని.

“అన్నా,” అన్నాడు ఉదయ్. వరంగల్ వాడు. చెప్పులేసుకుని అమెరికా వచ్చినరోజు నుంచీ రామమోహన్‌ని అన్నా అనే పిలుస్తాడు. “శనివారం మీ ఇంటికొచ్చి ఏడ్చిన. ఇప్పుడు కూడా అదే చెప్తున్న. ఏమన్న చెయ్యి. ఎట్లన్న శశిని బయట పడెయ్యి.”

“అందుకే వచ్చాను కదయ్యా. అమ్మా శశీ, గురువారం సంగతి మళ్లీ చెప్పు. విసుక్కోకు.”

“చెప్పడానికేముంది? గేటు దగ్గర మా ఇంట్లో పడుకునున్నా. మెడ నొప్పి, మాత్ర వేసుకున్నా. మీనాని పక్కింటి మార్గరెట్ ఈతకొలనుకి తీసుకెళ్లింది. ఉదయ్ బుధవారమే ఇండియానాకి డ్రైవ్ చేశాడు, స్టోన్ క్వారీకి. శుక్రవారం పొద్దున హార్లన్ గారు కనబడట్లేదని పావురాల బురుజు తాళం పగలగొడితే, లోపల నిచ్చెన కింద చనిపోయి ఉన్నారు. ఆయన నాకు తండ్రిలాంటివారు అన్నయ్యగారూ. ఈ కోట గురించి నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే.”

జెరోమ్ హార్లన్ డెబ్భై ఏళ్ల చరిత్రకారుడు. ఈ ఎస్టేటు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మూడువందల యాభై ఏళ్ల కిందట ఫ్రాన్సులో, లోవార్ నది ఒడ్డున, రాజుగారి పన్నులు వసూలు చేసే దొర ఒకడు కట్టించుకున్న కోట ఇది. 1926లో షికాగో మాంసం వ్యాపారి ఒకాయన అక్కడికి విహారానికి వెళ్లి, చూసి ముచ్చటపడి, కోటని కోటగా కొనేశాడు. డబ్బున్నవాడి ముచ్చటకి అడ్డేముంది! ప్రతి రాయినీ విప్పించి, వెనకవైపు ఎర్ర రంగుతో నంబరు వేయించి, ఓడలకెక్కించి తెచ్చి, ఈ నది ఒడ్డున మళ్లీ పేర్పించాడు. మెట్లు, ద్వారాలు, వరద గుర్తులు చెక్కిన గోడ, అన్నీ అక్కడ ఉన్నట్టే. ఒక్క సంగతి మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. లోవార్ రాయి తెల్లగా, మెత్తగా, చాకుతో చెక్కేంత సుకుమారంగా ఉంటుంది. ఇల్లినాయ్ చలికి దానిలోని తేమ గడ్డకట్టి, రాయిని లోపల్నుంచి పగలగొడుతుంది. ఏటికేడాది కోట పిండిలా రాలిపోతోంది.

దాన్ని నిలబెట్టే పని ఆర్కిటెక్ట్ శశికళది. పాడైన రాయి స్థానంలో ఇండియానా నుంచి కొత్త రాయి తెచ్చి బిగించే కాంట్రాక్టు ఉదయ్‌ది.

“ఇంతకీ బురుజులో పని జరుగుతోందా?” అడిగాడు రామమోహన్.

“లేదు. పావురాల బురుజు లోపల ఒక్క రాయి కూడా మేం ముట్టుకోలేదు. అదొక్కటే మొత్తం ఒరిజినల్. హార్లన్ గారు ముట్టుకోనివ్వరు. ఎంట్రన్స్ దగ్గరి రాయి పగిలిందని నేనే ఫోన్‌లో చెబితే, సపోర్ట్ పెట్టించారట. అంతే.”

“దానికి రెండే తాళం చెవులు.”

“ఆయనది ఆయన జేబులోనే ఉంది. నాది మా వంటింటి హుక్కుకి. తలుపు బయటనుంచి లాక్ చేసుంది. అందుకే కదా నా మీదికొచ్చింది!”

“హుక్కుకి ఉండటం నువ్వు చూశావా? గురువారం, లేకపోతే ఆ ముందురోజు?”

“ఎప్పుడూ అక్కడే ఉంటుంది.”

“అది కాదమ్మా. నీ కళ్లతో చూశావా అని.”

శశికళ చేత్తో పైకి చూపించింది. “హుక్కు తలుపు పైన కొట్టాం, మీనాకి అందకుండా. నేను... నేను పైకి చూడలేను కదా అన్నయ్యగారూ.”

ఉదయ్ సీసా మూత బిగించాడు. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది.

క్రేన్ నాలుగింటికి వస్తానని మూడున్నరకే వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, బట్టతల, చేతిలో మడిచిన కాగితం. రామమోహన్‌ని చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆయనకి చిరపరిచితం. పోయినేడు ఒక ఇన్సూరెన్సు కేసులో క్రేన్ ప్రమాదమని మూసేసిన ఫైలుని ఈయన తెరిపించాడు. అప్పట్నుంచీ క్రేన్ నవ్వులో పళ్లే ఉంటాయి.

“అరగంట టైముంది మోహన్,” అన్నాడు ఇంగ్లీషులో. “మీవాళ్లకి వీడ్కోలు చెప్పుకోవడానికి సరిపోతుంది.”

“బురుజు ఒక్కసారి చూస్తాను.”

“మావాళ్లు చూశారు.”

“నేను చూడలేదు. కోర్టులో డిఫెన్సు లాయరు ‘సీన్ చూడనివ్వలేదు’ అని లేచాడనుకో, బాగోదు.”

క్రేన్ మొహం చిట్లించి, సీలు ఊడదీయడానికి ముందు నడిచాడు.

నదికి ఎదురుగా గుండ్రటి బురుజు, పైన టోపీలాంటి కప్పు. చిన్న తలుపు. బయటి ఎండలోంచి లోపలికి అడుగు పెడితే కళ్లు మూసుకుపోయినట్టే. రామమోహన్ రెండో అడుగు వేశాడో లేదో, నుదుటికి ఏదో ఠంగున తగిలింది. “అమ్మా!” అని తల పట్టుకున్నాడు.

క్రేన్ పకపకా నవ్వాడు. “దూలం. గురువారం మధ్యాహ్నమే వడ్రంగులు అడ్డం పెట్టి వెళ్లారు, రాయి కూలకుండా. ఒంటిగంటకి వాళ్లు పోయారు, రెండూ మూడూ మధ్య ముసలాయన పోయాడు. శుక్రవారం సీలు వేసేలోపు మా వాళ్లు నలుగురూ బొప్పి కట్టించుకున్నారు. నాకూ కట్టింది.”

“ముందే చెప్పొచ్చుగా.”

“నన్నెవరు హెచ్చరించారు?”

కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. లోపల గోడంతా నేలనుంచి కప్పు దాకా గూళ్లు, వరసలు వరసలుగా, వందల కొద్దీ. ఆ కాలంలో పావురాలు పెంచుకునే హక్కు దొరలకే ఉండేది. ఎంత భూమి ఉంటే అన్ని గూళ్లు. ఆ పావురాలు రైతు చేలో గింజ తిన్నా, రైతు వాటిని అదిలించడానికి వీల్లేదు. విప్లవం వచ్చినప్పుడు జనం ముందుగా కూలగొట్టింది ఇలాంటి బురుజుల్నే అని హార్లన్ ఒకసారి శశికళ ఇంట్లో భోజనాలప్పుడు చెప్పాడు. ఆరోజు ఆయన పప్పుచారు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. రామమోహన్‌కి అది గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

బురుజు నడిమధ్య గానుగ రోకలిలాంటి నిలువు మాను. దాన్నుంచి రెండు చేతులు చాచి ఉన్నాయి. వాటి చివర గోడని ఆనీ ఆననట్టు ఒక నిచ్చెన. మానుని తోస్తే నిచ్చెన గోడ చుట్టూ తిరుగుతుంది, ఏ గూటికి కావాలంటే ఆ గూటికి.

“ముసలాయన నిచ్చెన పైన ఉన్నాడు,” అన్నాడు క్రేన్. “కింద ఉన్నవాళ్లు ఇలా తోశారు.” ఒక్క వేలితో మానుని నెట్టాడు. నిచ్చెన చప్పుడు లేకుండా జరిగింది. “మెడ పట్టీ ఉన్న ఆడమనిషికి కూడా చేతనవుతుంది. తాళం ఆవిడ దగ్గరుంది. ఇల్లు పది నిమిషాల నడక. మొగుడు ఊళ్లో లేడు. మోటెల్ రసీదు నేనే చూశాను.”

“ఆమెకి ఆయన్ని చంపాల్సిన అవసరమేంటి?”

“అది ఆవిడే చెబుతుంది.”

రామమోహన్ టార్చి వేశాడు. నేలంతా రాలిన రాతిపొడి, జల్లించిన బియ్యప్పిండి పరిచినట్టు. నడుమంతా పోలీసుల బూట్ల గుర్తులు, స్ట్రెచరు చక్రాల గీతలు. పనికొచ్చేదేమీ మిగల్లేదు. గోడ పక్కన కిందికి దింపి పెట్టిన రెండు రాళ్లున్నాయి. ముందువైపు పువ్వులు చెక్కిన రాళ్లు. తిప్పి చూశాడు. ఒకదాని వెనక ఎర్ర రంగుతో నంబరు. రెండోదాని వెనక ఏమీ లేదు. నున్నగా, కొత్తగా ఉంది.

బురుజు లోపల ఒక్క రాయి కూడా ముట్టుకోలేదంది శశికళ. మరి నంబరు లేని రాయి ఇక్కడికెలా వచ్చింది? ఎవరో మూడొందల యాభై ఏళ్ల నాటి పువ్వుల రాయిని ఊడదీసి పట్టుకుపోయి, అచ్చం అలాంటిదే చెక్కించి అతికించారు. హార్లన్ అది కనిపెట్టాడు. ఎక్కి, ఊడదీసి, ఎవరికో చూపించాడు.

రామమోహన్ తలుపు పక్క రాతి అరుగు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఈ మూలని పోలీసుల బూట్లు తొక్కలేదు. పొడి చెక్కుచెదరకుండా ఉంది. అందులో చిన్న చిన్న గుంటలు, తడిసి ఎండి పెచ్చుకట్టినవి, అంచులు చిట్లినవి.

“ఇక్కడ ఏం దొరికింది?”

“ముసలాయన నీళ్ల ఫ్లాస్కు. సగం ఖాళీ. ఆయన పెదాలు పగుళ్లని ఎప్పుడూ మైనం రాసుకునేవాడు. ఫ్లాస్కు మూతి చుట్టూ అదే మైనం ఉంది. ఇంకెవరి నోటి గుర్తూ లేదు. అంటే తను ఒక్కడే తాగాడు. వచ్చినవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పలేదు. దొంగచాటుగా వచ్చారు, తోశారు, పోయారు.”

“మరి ఈ చుక్కలు?”

“తాగుతూ ఒలకబోసుకున్నాడు.”

“మూతికి నోరానించి తాగేవాడికి ఒలికితే గడ్డం మీద, చొక్కా మీద పడతాయి క్రేన్. ఇవి నిలబడ్డ మనిషి నోటి ఎత్తునుంచి పడిన చుక్కలు. అంచులు ఎలా చిట్లాయో చూడు.” రామమోహన్ లేచి, భుజానికి తగిలించుకున్న తన నీళ్ల సీసా తీశాడు. రెండడుగులు పక్కకి జరిగి, తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తునుంచి నోట్లోకి పోసుకున్నాడు. దించేటప్పుడు నాలుగు చుక్కలు పొడిలో పడ్డాయి. అవే గుంటలు, అవే అంచులు.

క్రేన్ విడ్డూరంగా చూశాడు. “అదేం తాగడం?”

“మా ఇళ్లల్లో ఒకరు నోరు పెట్టింది ఇంకొకరు తాగరు. ఎంగిలి అంటాం. ఎవరి సీసా ఇచ్చినా ఎత్తి పోసుకుంటాం. ఎవరూ నేర్పరు, ఎవరూ ఆలోచించరు. గురువారం ఇక్కడ రెండో మనిషి ఉన్నాడు. దొంగచాటుగా రాలేదు. ఎండనపడి వచ్చాడని ముసలాయన నీళ్లిచ్చాడు. అతను తాగాడు.”

క్రేన్ కాసేపు ఆ చుక్కలకేసి చూశాడు. తరవాత అతని పళ్లన్నీ బయటపడ్డాయి. “థ్యాంక్స్ మోహన్! నా కేసుకి తక్కువైంది ఇదే. ఇక్కడికొచ్చింది ఇండియా మనిషి అని నువ్వే నిరూపించావు. ఇక జ్యూరీకి ఏం కావాలి?”

“ఆమెకి తల వెనక్కి వాల్చడం కుదరదు,” అన్నాడు రామమోహన్. “రెండు వారాలుగా స్ట్రాతో తాగుతోంది. డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కో.”

క్రేన్ నవ్వు ఆగింది.

ఆ మాట అన్నాక గానీ దాని రెండో సగం రామమోహన్‌కి తట్టలేదు. శశికళ కాకపోతే ఇంకెవరు? ఈ ఎస్టేటులో మసిలే ఇండియా వాళ్లు ఇద్దరే. అరగంట కింద మెట్ల మీద గటగటా తాగి, తనకి సీసా అందించిన చెయ్యి కళ్లముందు మెదిలింది. ఛ, వాడా? మీనా పుట్టినప్పుడు ఆసుపత్రిలో తనని కావిలించుకుని ఏడ్చినవాడు. శనివారం తన సోఫాలో కూర్చుని, అన్నా కాపాడు అని చేతులు పట్టుకున్నవాడు. పోనీ, చెప్పకుండా ఊరుకుంటే? క్రేన్ ఆ పట్టీని కోర్టులో తేలిగ్గా కొట్టిపారేస్తాడు, కావాలంటే విప్పుకోవచ్చుగా అంటాడు. నాలుగింటికి శశిని తీసుకుపోతాడు. చెయ్యని తప్పుకి.

తలుపు దగ్గరికి వెళ్లి కేకేశాడు. “ఉదయ్! ఒక్కసారి ఇలా రావయ్యా!”

“అతనెందుకు?” అన్నాడు క్రేన్.

“నోరు మూసుకుని చూడు. నీకు దణ్ణం పెడతాను.”

ఉదయ్ మెట్లెక్కి వచ్చాడు. వెనకే, మెల్లగా, తల కదలకుండా శశికళ. ఆమె తలుపు బయటే నిలబడిపోయింది.

“పావురాల బురుజు నువ్వు చూసి ఎన్నాళ్లయింది?” గుమ్మం దగ్గరే అడిగాడు రామమోహన్.

“ఈస్టర్‌కి ముందు వచ్చిన అన్నా. మళ్ల రాలే. ఇక్కడ నాకేం పని?”

“సరే, లోపలికి రా. నీకొకటి చూపించాలి.”

భగభగమండే ఎండలోంచి ఉదయ్ చీకట్లోకి అడుగు పెట్టాడు. ఒక అడుగు. రెండో అడుగుకి చటుక్కున నడుం వంచి, దూలం కిందనుంచి దూరి, ఇవతలికొచ్చి నిటారుగా నిలబడ్డాడు.

క్రేన్ చెయ్యి అప్రయత్నంగా తన నుదుటి మీది బొప్పి దగ్గరికి వెళ్లింది.

రామమోహన్‌కి అబద్ధమైతే బాగుండుననే ఆఖరి క్షణం దాకా అనిపించింది. తన సీసా చాచాడు. “చెమటలు కారిపోతున్నాయి నీకు. ముందు మంచినీళ్లు తాగు.”

ఉదయ్ తీసుకున్నాడు. ఆలోచించలేదు. అలా ఆలోచించకుండా తాగడం వాళ్లమ్మ అన్నం ముద్దలతో పాటు పెట్టిన అలవాటు. తల వాల్చి పోసుకున్నాడు. అరుగు ముందు, తడిసి ఎండిన గుంటల పక్కనే, నాలుగు కొత్త చుక్కలు పడ్డాయి. సీసా దించాక, ఇద్దరూ నేలకేసి చూస్తుండటం గమనించి తనూ చూశాడు. ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

“ఆ దూలం గురువారం ఒంటిగంట తరవాత లోపలికొచ్చిన వాళ్లకే తెలుసు తమ్ముడూ,” అన్నాడు రామమోహన్. “నువ్వేమో ఇండియానాలో ఉన్నావు.”

ఉదయ్ అరుగు మీద కూలబడ్డాడు. సీసా చేతిలోంచి జారి, నీళ్లు తెల్ల పొడిలో పాయ కట్టాయి.

“చంపాలని రాలే అన్నా. నా బిడ్డ మీద ఒట్టు. బుధవారం రాత్రి మోటెల్‌కి ఫోన్ చేసిండు ముసలాయన. ఒక్కనివే వచ్చి చూడు, శశికి చెప్పకు, పాపం ఆమె తట్టుకోలేదు అన్నడు. కారు బ్రిడ్జి అవతల పెట్టి నడిచొచ్చిన. ఎండల వచ్చినవ్ అని నీళ్లిచ్చిండు. నిచ్చెన ఎక్కి ఒక్కొక్క పువ్వు చూపిస్తుండు, ఇది నువ్వు అమ్మినవ్, ఇది నువ్వు అమ్మినవ్ అని. తిట్టలే అన్నా. ఏడుస్తుండు. దిగు, దిగు అన్న. దిగలే. మాను పట్టుకుని ఒక్కసారి ఊపిన.” అరచేతులకేసి చూసుకున్నాడు. “పదిహేను రోజుల సంది శశి తాళం నా జేబులనే ఉండె. బయటికొచ్చి అలవాటు కొద్దీ లాక్ చేసిన, ఇంటికొచ్చినంక తాళం మళ్ల హుక్కుకి పెట్టిన. రెండే తాళాలని అప్పుడు తట్టలే. కాలుజారి పడ్డడని అనుకుంటరు అనుకున్న.”

“శశిని అనుమానించినప్పుడైనా చెప్పొచ్చు కదరా!”

“నువ్వు విడిపిస్తవ్ అనుకున్న అన్నా. నీ మీద అంత నమ్మకం.”

రామమోహన్‌కి ఆ నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలుగు ముక్క రాకపోయినా క్రేన్‌కి విషయం అర్థమైంది. చేతిలోని వారంటుని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. బేడీలు తీశాడు. ఈసారి నవ్వలేదు.

అప్పుడు తలుపు దగ్గర కదలిక వినబడింది. శశికళ అంతవరకూ నదివైపు తిరిగి, తలుపు కమ్మీ పట్టుకుని నిలబడి వింది. మెడ తిప్పే వీల్లేదు కాబట్టి మనిషంతా మెల్లగా, అడుగు అడుగు జరుపుకుంటూ లోపలికి తిరిగింది.

“బుధవారం పొద్దున వెళ్తూ వెళ్తూ నా మెడ కింద దిండు సర్దావు,” అంది. గొంతులో కోపం లేదు. అదే భయంకరంగా ఉంది. “తాళం హుక్కుకే ఉందా, చూడు అన్నాను. తలెత్తి చూశావు ఉదయ్. చూసి, ఉంది, నువ్వు లేవకు అన్నావు. ఆ మాట పట్టుకునే నేను అందరికీ ఉంది ఉంది అని చెబుతున్నాను. జైలుకి తీసుకెళ్లినా అదే చెప్పేదాన్ని.”

ఉదయ్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. క్రేన్ భుజం పట్టుకుని లేపితే లేచాడు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేస్తే వేయించుకున్నాడు. గుమ్మంలోంచి శశికళ పక్కకి తప్పుకుంది, అతని చొక్కా కూడా తనకి తగలనంత దూరం.

ఉదయ్ ఆ వెలుతురుకేసి నడిచాడు. ఈసారి వంగడం మరిచిపోయాడు. దూలం నుదుటికి తగిలి రక్తం చిమ్మింది. ఆ రక్తం కంట్లోకి కారుతున్నా అతను ఆగలేదు.